అక్క లెట్యూస్ ఎందుకు చేదైంది

మా అక్క పెంచిన లెట్యూస్ ఆకు గుణమే చేదని బళ్లారి కౌల్ బజార్‌లో రొట్టెల భోజనం పెట్టే ఖానావళిలో పదిమంది ముందు చెప్పింది నేనే. ఆ మాట తప్పు. ఆకు చేదెక్కింది నా వల్ల. ఇంత చిన్న విషయం రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రోజు నేను తెలిసి అబద్ధం ఆడానా, లేక నిజంగానే అలా నమ్మానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మొదట నమ్మాననే అనుకుంటాను. ఎక్కడ నమ్మకం ఆగి అబద్ధం మొదలైందో ఆ చోటు మాత్రం దొరకడం లేదు.

అక్క గాంధీనగర్‌లో మా ఇంటి పైవాటాలో ఉంటుంది. బావ పోయి, కూతురు కాపురానికి వెళ్లాక వచ్చింది. ఒక దీపావళికి పక్కింటి అమ్మాయి బెంగళూరు నుంచి విత్తనాల పొట్లం తెచ్చి ఇచ్చింది. పొట్లం మీది బొమ్మలో ఆకులు పొడుగ్గా, మొన తేలి, కత్తుల్లా ఉన్నాయి. ఆసియాలో తూర్పు దేశాలవాళ్లు వేయించుకు తినే లెట్యూస్ అని ఆ అమ్మాయి చెప్పింది. నాకు తెలిసిన లెట్యూస్ బర్గర్‌లో పెట్టే ముడతల ఆకు ఒక్కటే. ఇదీ అదీ ఒకే జాతి ఎలా అయ్యాయో నాకు అర్థం కాలేదు. అక్క అవేమీ అడగలేదు. సగానికి కోసిన పెయింట్ డబ్బాల్లో ఎర్రమన్ను, పేడ ఎరువు నింపి చల్లేసింది.

వండడం మాత్రం వెంటనే కుదరలేదు. మొదట మెంతికూర లాగే పప్పులో వేసి ఎనిపింది. పప్పు నీళ్లు కారింది, ఆకు ఎటు పోయిందో తెలియలేదు. రెండోసారి చింతపండు వేసి పుల్లగూర చేసింది. నల్లగా, జారుడుగా, చూడబుద్ధి కాకుండా వచ్చింది. మూడోసారి బాణలిలో నూనె బాగా కాగనిచ్చి, దంచిన వెల్లుల్లి, రెండు ఎండుమిరపకాయలు వేసి, ఆకు పడేసి నాలుగు తిప్పులు తిప్పి దించింది. ఉప్పు దించాక వేసింది. ఆకు పచ్చగానే ఉంది, నమిలితే కరకరమంది. ఆ తర్వాత ఒక రోజు ఉడికించకుండానే జొన్నరొట్టె పక్కన పెట్టి, గురెళ్ల పొడి, అదే వెర్రినువ్వుల పొడి, అద్దుకుని తినమంది. మా దిక్కు రొట్టెలోకి పచ్చి మెంతాకు, ఉల్లిపాయ నంజుకోవడం మామూలే కాబట్టి ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

కౌల్ బజార్‌లో జొన్నరొట్టెల ఖానావళి నడిపే ఆమె అక్కకు పరిచయం. ఒక కట్ట తీసుకెళ్లి చూపిస్తే ఆమె తిని, "ఇదేందక్కా, మెంతాకు కన్నా బాగుండాది, దినం మార్చి దినం తెచ్చియ్యి" అంది. అక్కకు అది మామూలు సంగతి కాదు. అంతవరకు ఎవరూ ఆమెను నీ చేతిది కావాలని అడిగి ఎరగరు. పొద్దున్నే స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, తడిగుడ్డలో చుట్టిన కట్టలు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కేది. నేను చూసి నవ్వేవాణ్ణి. ఎందుకు నవ్వేవాణ్ణో కూడా ఇప్పుడు తెలియడం లేదు.

శివరాత్రి ముందు కూతురి కాన్పుకని అక్క సిరుగుప్ప వెళ్లాల్సి వచ్చింది. మిద్దె మీద డబ్బాల దగ్గర నన్ను నిలబెట్టింది.

"రేయ్, కింది ఆకులే తుంచాల. నడిమి మొగ్గ ముట్టొద్దు. రెండు దినాలకోసారి తుంచకపోతే కాడ లేస్తాది, చేదైపోతాది. తెలిసిందా?"

"తెలిసిందిలేక్కా. ఆకు తుంచేదానికి ఇంజినీరింగు చదవాల్నా?"

"నీకైతే దానికన్నా ఎక్కువే చదవాల."

అంటే ఆమె చెప్పింది, నేను విన్నాను. ఇందులో సందేహం లేదు. మరి ఎందుకు తుంచలేదు?

బళ్లారిలో పుట్టినవాళ్లకు దంటు అంటే చెప్పనక్కర్లేదు. తోటకూరను కోయకుండా వదిలేస్తే నడుమెత్తు పెరిగి వేలంత లావు కాడలు వేస్తుంది. అవే దంట్లు. వాటిని ముక్కలు కోసి పులుసులో వేస్తే ఆకు కన్నా కాడకే గిరాకీ. మా ఇంట్లో లేత తోటకూర తెస్తే అమ్మ, "ఇంకో పది దినాలు ఆగలేకపోతిరా?" అని కసిరేది. ఆకుకూర ఎంత ఎత్తు లేస్తే అంత బాగా పండినట్టని నా చేతులకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్క చెప్పిన మాట చెవుల్లో ఉంది. చేతులు మాత్రం అమ్మ మాటే విన్నట్టున్నాయి. అక్క వెళ్లిన నాలుగో రోజుకు నడిమి మొగ్గ పైకి లేచింది. నాకు సంతోషమైంది. ఖానావళామెకు ఫోన్ చేసి, "వారం ఆగండక్కా, దండిగా తెస్తా" అన్నాను. పూటపూటా నీళ్లు పోశాను. అక్క తిరిగొచ్చి చూసి ఆశ్చర్యపోవాలని కూడా అనుకున్నాను.

మోకాలెత్తు అయ్యాక కొడవలితో మొదలంటా కోశాను. కోసినచోట తెల్లటి పాలు కారాయి. అప్పుడు కొంచెం గుబులు పుట్టింది. అయినా కట్టలు కట్టి బండి మీద వేసుకుని వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వేళ. ఆమె ఆకులు కడిగి రొట్టెల పక్కన పెట్టింది. మొదట ఒకాయన నమిలి, కంచం పక్కన ఉమ్మేశాడు.

"ఏందక్కా ఇది, వేపాకు పెడ్తాండావు?"

పక్కాయన కాడ విరిచి పాలు చూపించాడు. "వేపాకు యాడిదప్పా, జిల్లేడు ఇది. ఈ రొట్టెలక్క మనల్ని సంపేదానికి ఉండాది."

అందరూ నవ్వారు. ఆమె నా వైపు చూసింది. నేను ఒక ఆకు నోట్లో పెట్టుకున్నాను. నిజంగానే చేదు, గొంతు దాకా పట్టుకుంది. ఆ క్షణంలో నోటికి వచ్చిన మాట ఇది: "ఈ ఆకే ఇంత. మన నేలకు పడదని మా అక్కకు చెప్తానే ఉండా, ఇనదు."

నేను అక్కకు ఎప్పుడూ అలా చెప్పలేదు. నోట్లో చేదు మాత్రం నిజమే కదా అని బండి మీద వస్తున్నంతసేపూ అనుకున్నాను.

అక్క ఊరి నుంచి వచ్చాక కూడా అదే చెప్పాను. "ఆకే చేదు వచ్చిందక్కా, ఎండకేమో." అక్క మిద్దె ఎక్కి, కోసిన మోళ్లను వంగి చూసింది. "ఊ" అంది, అంతే. నాలుగు రోజుల తర్వాత డబ్బాలన్నీ బోర్లించి ఉన్నాయి. మళ్లీ ఆ ఆకు వేయలేదు. పొద్దున్నే మంచి చీర కట్టుకోవడమూ మానేసింది.

మొన్న దసరా అయ్యాక అదే ఖానావళిలో తింటున్నాను. కొత్తగా వచ్చిన ఒకాయన పచ్చాకు ఏదైనా ఉందా అని అడిగాడు. "ఒకాయమ్మ మంచి ఆకు తెస్తాండె, చివరకు చెడిపాయె" అంది ఆమె. కంచం పక్కకు నెట్టాను. లేచి పెనం దగ్గరికి వెళ్లాను.

"అక్కా, ఆ ఆకు మంచిదే. నేనే చెడగొట్టినా. తుంచమంటే తుంచకుండా కాడ లేపినా."

ఆమె రొట్టె తిప్పుతూ ఆగింది. "హౌదా, నిజమేనా? మీ అక్క వచ్చి తప్పు నాదే అనె కదప్పా. పాత విత్తనం ఏసినా, మా తమ్మునికి ఏమీ తెలీదు, వాన్ని ఏమీ అనొద్దండి అని చెప్పిపాయె."

"ఎప్పుడు?"

"ఊరి నుంచి వచ్చిన మరుదినమే. ఎవురి మాట నమ్మాలప్పా నేను? నువ్వు నేలకు పడదంటివి. ఆయమ్మ విత్తనం అనె. ఇప్పుడు ఇంకోటి చెప్తాండావు. ఒక్క ఆకుకు మీ ఇంట్లో మూడు కతలా?"

ఇంటికి వచ్చి అక్కకు జరిగింది చెప్పాను. తేలికపడతాననుకున్నాను. అక్క ముఖం ఎర్రబడింది.

"నిన్నెవురు చెప్పమన్నారు?"

"తప్పు నాది కదక్కా."

"నీదని నాకు తెలీదా? ఆ మోళ్లు చూసినప్పుడే తెలిసె. నలుగురిలో నువ్వు చిన్నబోతావని నేనొక అబద్ధం ఆడితి. రెండేండ్లు దాన్ని కాపాడితి. ఈ పొద్దు నువ్వు నిజం చెప్పి నన్ను అబద్ధాలదాన్ని చేసి వస్తివి."

నేను తప్పు దిద్దానో, ఇంకొకటి చేశానో తెలియలేదు. చెప్పకుండా ఉండి ఉండాల్సిందా? ఉంటే ఆకు పేరు అలాగే చెడి ఉండేది. దాంతో పాటు అక్క చేతికున్న పేరు కూడా.

మరునాడు ఖానావళామె నుంచి నాకు ఫోన్ వచ్చింది. "ఆయమ్మ మళ్లీ ఆ ఆకు ఏస్తాదేమో అడగప్పా." ఫోన్ పట్టుకుని పైకి వెళ్లాను. అక్క చాటలో అనపకాయలు ఒలుస్తోంది. ఫోన్ అందిస్తే తీసుకోలేదు.

"ఇప్పుడు నిజాలు చెప్పే మనిషివి కదా, నువ్వే మాట్లాడు."

"ఏమని చెప్పేదక్కా?"

"ఈసారి నువ్వే ఏయాల, నువ్వే తుంచాల, నువ్వే తీసుకపోవాల. చేదైతే నేనే చేసినానని ఆడ నిలబడి నువ్వే చెప్పుకోవాల. ఒప్పుకుంటే నలభై దినాలని చెప్పు."

"నలభై దినాలక్కా" అన్నాను ఫోన్‌లో. సరే చూద్దామని ఆమె పెట్టేసింది. అక్క తలెత్తకుండా కాయలు ఒలుస్తూనే ఉంది. కూర్చోమంటుందో, కిందికి పొమ్మంటుందో తెలియక నేను అక్కడే నిలబడ్డాను.