ముందే పెట్టిన చుక్క

ఈ రోజు మా ఖురం ఆఫీసు నుంచి, మా పనివాళ్లుండే ఘాలా లేబర్ క్యాంపుకు వెళ్లాను. కంపెనీ కొత్తగా కంప్యూటర్‌లో సర్వే పెట్టింది. ఇంగ్లిష్‌లో ఉన్న ప్రశ్నను పనివాళ్లకు చదివి చెప్పి, వాళ్ల జవాబు నొక్కడం నా పని. శుక్రవారం కూడా డ్యూటీకి వస్తారా? అదీ ప్రశ్న. తెర తెరవగానే 'వస్తాను' పక్కన చుక్క ముందే పెట్టి ఉంది.

ఈ అరబ్బు దేశంలో వారం సెలవు శుక్రవారమే. వాళ్లు తీరిగ్గా బట్టలుతుక్కునేది, రూమ్‌లో అందరూ కలిసి మటన్ వండుకునేది, ఇంటికి ఫోన్ చేసుకునేది ఆ ఒక్క రోజే.

జగిత్యాల మేస్త్రీ పోశన్న నాతో చుక్కను 'రాను' మీదికి మార్పించాడు. వెంటనే తెర మీద ఇంకో ప్రశ్న లేచింది: 'మీ తోటివారంతా వస్తున్నారు. మళ్లీ ఆలోచిస్తారా?' పోశన్నకంటే ముందు ఎవరూ జవాబివ్వలేదు. అయినా అదే చదివి వినిపించాను.

"సార్, గీ మిషిన్ నన్ను అడుగుతున్నదా, నాకు చెప్తున్నదా?" అన్నాడు పోశన్న.

పక్కనే ఉన్న క్యాంప్ బాస్, "జల్దీ కరో భాయ్" అని తొందరపెట్టాడు. పోశన్న వెనక వరుసను ఒకసారి చూసి, "సరే, వస్తనని కొట్టుండ్రి" అన్నాడు. ఆ తర్వాత చుక్కను ఎవరూ కదపమనలేదు.

"చూశారుగా, ఎవరినీ జబర్దస్తీ చేయలేదు" అన్నాడు మేనేజర్, నేను తిరిగి రాగానే. ఒళ్లు మండిపోయింది. జవాబు ముందే రాసిపెట్టుకున్నవాళ్లకు అడగడం దేనికి?

నా సీట్లో కూర్చుని కంప్యూటర్ తెరిచాను. ఆఫీసు స్టాఫ్‌కూ అదే సర్వే, అదే ప్రశ్న. నా తెర మీద చుక్క ముందే 'రాను' దగ్గర పెట్టి ఉంది.

ఇలాంటి సర్వే మీకూ వస్తే, మీ తెర మీద చుక్క ఎక్కడుందో చూసి చెప్పండి.