జనార్ధన్ సారు కూర్చోని కుర్చీ

మా జనార్ధన్ సారుకి మంచి కుర్చీ అంటే పడదు. పెళ్లికి పోతే స్తంభం వెనక కూర్చుంటారు. బస్సులో కిటికీ పక్కన ఖాళీ ఉన్నా చక్రం మీది ఎత్తు సీటు వెతుక్కుంటారు. హోటల్లో ఫ్యాను కింద బల్ల వదిలేసి, గిన్నెలు కడిగే చోటు పక్కన చాయ్ తాగుతారు. "మా పెండ్లిల పీట మీద కూసోమని పంతులు మస్తు బతిలాడిండు," అని ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ గారు ఇప్పటికీ చెబుతారు.

అలాంటి మనిషి దగ్గర నేను చేరింది శబ్దాన్ని గదంతా నడిపించే విద్య నేర్చుకోవడానికి. శామీర్‌పేట దాటాక ఆయన పాత కోళ్ల షెడ్డులో చుట్టూ ఎనిమిది స్పీకర్లుంటాయి. ఒక్కోదానికి ఒక్కో శబ్దం వేరుగా పంపొచ్చు. జాలీ గోడలకు బొంతలు కట్టారు కానీ, అప్పుడప్పుడూ పైనుంచి ఈక రాలుతూనే ఉంటుంది. సరిగ్గా నడిమధ్య ఒక ఎర్ర కుర్చీ. అందులో కూర్చున్నవాళ్లకే అన్ని స్పీకర్లూ సమానంగా వినబడతాయి. దానికి మేం పెళ్లికొడుకు కుర్చీ అని పేరు పెట్టాం. సారు దాని మీద తువ్వాలు కూడా ఆరేయరు.

చేరిన రోజు ఆయన ఒకటే అడిగారు.

"ఆఖర్న అందరిని పిలిచి వినిపిస్తం గదా. మీ ఇంటికెల్లి ఎవలొస్తరు?"

"మా అవ్వ, సార్."

"ఎట్ల మనిషి?"

కంగారులో ఏదేదో వాగాను. ఏం చెప్పానో బయటికొచ్చాక నాకే గుర్తులేదు. ఆయన "ఊఁ" అని చాయ్ ఇచ్చారు.

నా కంగారుకు కారణం ఉంది. మేడ్చల్‌లో మా అవ్వ బాలనర్సమ్మ, మేపే ఓపిక లేక ఉన్న ఒక్క బర్రె లచ్చిమినీ ఇచ్చేసింది. అప్పట్నుంచి సాయంత్రమైతే ఎవరితోనూ మాట్లాడదు. బర్రె మెడగంటా, దాన్ని అవ్వ పిలిచే పిలుపూ నా ఫోన్లో ఉన్నాయి. వాటితోనే నా ప్రయోగం. అది విని ఆమె "గిదేం లొల్లి?" అంటే? అసలేమీ అనకపోతే?

పెళ్లికొడుకు కుర్చీలో కూర్చుని గంటను గదంతా తిప్పాను. అబ్బ, బర్రె నాకు ప్రదక్షిణ చేస్తున్నట్టే ఉంది! సంబరంగా సారును పిలిచాను. ఆయన స్టూలు లాక్కుని తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నారు. కుడి చెవిలో దూది కుక్కుకున్నారు. విని తల అడ్డంగా ఊపారు.

"తృప్తీ, ఈడికి వస్తలేదు."

"నడుమ కూసోండి సార్, మస్తు వస్తది!"

"నడుమకు ఎవలైనా తెస్తరు. ఈడ జూడు, గీ పక్క డబ్బలనే మోగుతాంది నీ బర్రె. కదుల్తలేదు."

నిజమే. రెండు స్పీకర్ల మధ్య నిలబెట్టిన శబ్దం నడుమ ఉన్నవాళ్లకే అక్కడ నిలుస్తుంది. పక్కకు జరిగితే దగ్గరి స్పీకర్లోకి జారిపోతుంది. తలుపు దగ్గరిదాన్ని తగ్గించాను. "వస్తలేదు." కాస్త ఆలస్యంగా మోగేట్టు చేశాను. "వస్తలేదు." రోజూ అదే స్టూలు, అదే దూది.

నాతోపాటు నేర్చుకునే మహేష్‌కు కూడా జాలేసింది. "చెవు నొస్తే దవఖానకు పోవాలె గని, నీ పానం తీసుడేంది?" అన్నాడు. వాడి బాధ వేరు. వాడి వంతు వస్తే సారు దూది తీసేసి, గోడకు ఆనుకుని నిలబడి, మధ్యమధ్య బయటికి పోయి వచ్చేవారు.

ప్రదర్శనకు ముందురోజు నేను ఏడ్చేశాను. "ఇగ నాతోని కాదు సార్."

"చుట్టు తిప్పకు బిడ్డా. దూరంకెల్లి దగ్గరికి తే. ఒక్క చెవుకు కుడెడమలు సక్కగ తెల్వయి, దూరం దగ్గర తెలుస్తది."

ఆ దూది తీసేస్తే పోయేదానికి ఇంత కథా అని మనసులో తిట్టుకుంటూనే మార్చాను. గంటను అవతలి స్పీకర్లో సన్నగా మొదలుపెట్టి, ఒక్కొక్కటీ దాటిస్తూ, పెంచుకుంటూ తలుపు దాకా తెచ్చాను. సారు చెవిలోంచి దూది తీసి జేబులో వేసుకున్నారు. బాగుందనో బాగులేదనో చెప్పొచ్చు కదా!

ప్రదర్శన రోజు అవ్వ కోసం పెళ్లికొడుకు కుర్చీ తుడిచి పెట్టాను. ఆమె దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"నడుమ కూసుంటే మల్ల ఎట్ల లేసి పోవాలె బిడ్డా? నా చెప్పులెవలు జూస్తరు?"

పోయి తలుపు దగ్గరి స్టూలు మీద కూర్చుంది. వినబడే ఎడమ చెవిని గదివైపు తిప్పింది.

చేరిన రోజు నేను వాగిందంతా అప్పుడు గుర్తొచ్చింది. అవ్వకు కుడి చెవి వినబడదని, ఎక్కడికి పోయినా చెప్పులు కనబడే చోటే కూర్చుంటుందని చెప్పాను! అటు తిరిగి చూస్తే మహేష్ వాళ్ల బాపు మధుసూదన్. ప్లాట్ల వ్యాపారం ఆయనది. గోడకు ఆనుకుని నిలబడి, ఫోన్ మోగినప్పుడల్లా బయటికి పోయి వస్తున్నాడు. మహేష్ నావైపు చూసి నోరు తెరిచాడు.

నా వంతు వచ్చింది. గంట ఎక్కడో దూరంగా మోగింది. అవ్వ గొంతు పిలిచింది: "లచ్చిమీ, దా! దా దా!" గంట దగ్గరైంది, ఇంకా దగ్గరైంది.

స్టూలు మీది అవ్వ దిగ్గున లేచి, తలుపు తీసి బయటికి తొంగి చూసింది.

"గిప్పుడే వచ్చె గదా! యాడ బోయింది?"

షెడ్డంతా నవ్వింది. అవ్వా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికి పోయేదాకా దారి పొడుగునా లచ్చిమి చేష్టలే చెప్పింది.

"ఈడికి వచ్చింది," ఆ నవ్వుల మధ్యే అన్నారు సారు, ఎక్కడో స్తంభం వెనక నుంచి.

మొన్న శేఖర్ అని ఒకతను కొత్తగా చేరాడు. వాళ్ల నాయినకు నడుంనొప్పి, కూర్చోలేడట. నేను పోయేసరికి సారు చాప మీద వెల్లకిలా పడుకుని, ముక్కు మీద వాలిన ఈకను ఊదుకుంటున్నారు.

"శేఖరూ, ఈడికి వస్తలేదు."