ఖాళీగా ఉందని నేను రాసిచ్చిన తుపాకీ

1961లో జగ్గయ్యపేట బస్టాండు వెనక నాకు తుపాకుల మరమ్మతు కొట్టు ఉండేది. లైసెన్సు ఉన్న కొట్టు. నందిగామ తాలూకాలో అడవి పందుల బెడద ఉన్న రైతులు పంట కాపలాకి తెచ్చుకున్న తుపాకులు ఏదో ఒక రోజు నా బల్ల మీదికి రావలసిందే. వాటిలో ఎక్కువ భాగం మజిల్ లోడర్లు, అంటే మూతిలోంచి మందు కూరేవి. ముందు మందు పోసి, దాని మీద పీచు కుక్కి, ఆ పైన సీసపు గుళ్లు వేసి, అవి జారకుండా మళ్లీ పీచో గుడ్డముక్కో కుక్కి, ర్యామ్‌రాడ్ అనే ఇనప కడ్డీతో దట్టించాలి. గొట్టం అడుగున బయటికి నిపుల్ అనే చిన్న మొన ఉంటుంది. దాని మీద రాగి క్యాప్ తొడిగి మీట నొక్కితే, హ్యామర్ అనే చిన్న సుత్తి ఆ క్యాప్‌ని కొట్టి మందు పేలుస్తుంది.

కొత్త తుపాకీ కొనే స్తోమత అందరికీ ఎక్కడిది? పాతవే చేతులు మారేవి. కొనబోయేవాడు ముందు నా దగ్గరికి తెచ్చి, కొనొచ్చా వద్దా అని అడిగేవాడు. నా మాట మీద చుట్టుపక్కల ఊళ్లలో మంచి గురి ఉండేది. నాకైతే ఇంకాస్త ఎక్కువే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ వేసవిలో ఒక పొద్దున ముగ్గురు వచ్చారు. కొనబోయేది వీరులపాడు వైపు నుంచి వచ్చిన రైతు కోటయ్య. అమ్మబోయేది చెవిటికల్లు నుంచి వచ్చిన మార్తమ్మ. మూడో మనిషి తుపాకీ మోసుకొచ్చిన కానిస్టేబులు. లైసెన్సుదారు చనిపోతే ఆయుధం స్టేషన్లో జమ చెయ్యాలి. మార్తమ్మ భర్త పేతురు మిలిటరీలో పనిచేసి వచ్చి, ఏటిగట్టు పొలాలకి పందుల కాపలా కాసేవాడు. అతను పోయినప్పట్నుంచి ఆరేళ్లుగా తుపాకీ స్టేషన్ గదిలోనే ఉంది. ఇప్పుడు కూతురికి బెజవాడలో టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. సోమవారంలోగా చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. అమ్మడానికి మార్తమ్మ దగ్గర ఈ తుపాకీ తప్ప ఇంకేమీ లేదు.

ఈ సంగతులన్నీ కోటయ్య చెప్పాడు. ఆవిడ గుమ్మం పక్కన నిలబడి తుపాకీ వంకే చూస్తోంది. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు. కాసేపటికి దగ్గరికొచ్చి, చెక్క మడమ మీద చెంప ఆనించే చోట నున్నగా అరిగిన భాగాన్ని వేలితో ఒకసారి తాకి మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లింది.

తుపాకీకి పురికొసతో ఒక చీటీ కట్టి ఉంది. విప్పి చూస్తే నా చేతిరాతే. ఆరేళ్ల కిందట స్టేషన్లో జమ చేసేముందు గ్రామ మునసబు మనిషి నా దగ్గరికి తెచ్చాడు. నంబరు, కొలతలు, "లోపల ఖాళీ, స్థితి బాగు" అని రాసి సంతకం పెట్టాను. చీటీ చూసి నాకు సంబరమేసింది. నేనే బాగుందని రాశాక ఇంక చూడ్డానికేముందన్నట్టు, కోటయ్యతో హ్యామర్ బలం గురించి, చెక్క పనితనం గురించి మొదలెట్టాను.

కోటయ్య సగంలోనే ఆపాడు. "పైన బానే ఉందిలెండి. లోపల చూడరా?"

కాస్త చిరాకేసింది. అయినా ర్యామ్‌రాడ్ తీసి గొట్టంలోకి దించాను. ఇది మా వృత్తిలో ఓనమాలు. కడ్డీ అడుగు తగిలాక, మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడాలి. ఖాళీ గొట్టమైతే కడ్డీ చివర నిపుల్ దాకా రావాలి. నాలుగు వేళ్లు తక్కువొచ్చింది. మళ్లీ దించి చూశాను. నాలుగు వేళ్లే.

తుపాకీ నిండి ఉంది. ఆరేళ్లుగా నిండే ఉంది.

మా వైపు కాపలాదారులకి ఒక అలవాటు. సాయంత్రం తుపాకీ కూరుకుని పొలానికి పోతారు. పందులు రాకపోతే దట్టించింది పీకడం పెద్ద పని కాబట్టి, పొద్దున క్యాప్ ఒక్కటి ఊడదీసి గోడకి తగిలిస్తారు. నిపుల్ మీద క్యాప్ లేదు కదా అని చూసేవాడు ఖాళీ అనుకుంటాడు. ఆరేళ్ల కిందట నేననుకున్నది అదే. మునసబు మనిషికి బస్సు వేళవుతోందంటే కడ్డీ దించకుండానే చీటీ రాసిచ్చేశాను.

కానిస్టేబులు బెంచీ చివరికి జరిగాడు. నేను నిపుల్ మర విప్పి, ఆ సందులోంచి నీళ్లు పోసి, మందు పూర్తిగా తడిసేదాకా ఆగాను. తరవాత కడ్డీ చివర మెలిక సూది బిగించి, పైన కుక్కినదాన్ని మెల్లగా పట్టి లాగాను. గుడ్డముక్క వచ్చింది. ఆకుపచ్చ నేత, ఎర్ర అంచు. గొట్టం లోపల వెలుతురు తగలక రంగు కాస్త కూడా పోలేదు.

మార్తమ్మ గుమ్మం దగ్గర్నుంచి వచ్చి ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. "అది నా చీరండీ," అంది.

ఆ తరవాత మెల్లగా చెప్పింది. ఆ సాయంత్రం పీచు అయిపోయింది. పేతురు గుడ్డముక్క అడిగాడు. పొయ్యి దగ్గరున్న ఆవిడ, బుట్టలో పాతగుడ్డలున్నాయి చూసుకోమంది. అతను బుట్ట దాకా పోలేదు. దండెం మీద ఆరేసిన చీర పాతదనుకుని కొంగు చివర చింపేశాడు. అది ఆవిడ క్రిస్మస్‌కి కొనుక్కున్న చీర. నోటికొచ్చినట్టు తిట్టింది. అన్నం కూడా పెట్టలేదు. వచ్చే సంతకి ఇంకోటి తెస్తాలే అని నవ్వుకుంటూ పొలానికి వెళ్లాడు. పందులు రాలేదు. పొద్దున తిరిగొచ్చి తుపాకీ గోడకి తగిలించేసరికే వాంతులు మొదలయ్యాయి. కలరా. పొద్దుగూకేసరికి మనిషి లేడు.

"ఆ చీర కట్టుకున్నంత కాలం కొంగు చూసినప్పుడల్లా ఆయనన్న ఆ మాటే గుర్తొచ్చేదండి," అంది. "అదీ చిరిగిపోయింది. ఆయన చేత్తో పట్టుకున్నదంటూ ఇంట్లో ఏదీ మిగల్లేదు."

మిగిలిన గుళ్లు, బురదలా నల్లబడ్డ మందు తీసి, గొట్టం వెనక మర విప్పి, ఆకాశం వైపు పెట్టి చూశాను. మూతి నుంచి చాలామేరకు అద్దంలా ఉంది. మందు నిలవున్న ఆ చివరి నాలుగు వేళ్ల మేర మాత్రం అమ్మవారు పోసిన మొహంలా గుంటలు గుంటలు. నల్లమందు తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. ఇంకోసారి పేలిస్తే గొట్టం చీలి, పట్టుకున్నవాడి చెయ్యి పోతుంది.

కోటయ్య నా మొహం చూశాడు. "ఏంటండీ, కొనొచ్చా?"

ఆరేళ్లు ఎవరూ వాడలేదు, తుప్పు పట్టిందని చెబితే సరిపోయేది. ఎవరూ మారు ప్రశ్న వేసేవాళ్లు కాదు. మార్తమ్మ ఖాళీ చేతులతో బస్సెక్కేది, నా పేరు నాకు మిగిలేది. నిజం చెప్పాలంటే ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ చేతిలో ఆ గుడ్డ లేకపోతే అనేసేవాణ్నేమో కూడా.

"కొనకూడదు," అన్నాను. "కానీ ఇది చెడగొట్టింది నేను. ఆరోజు కడ్డీ దించుంటే మందు అప్పుడే బయటికొచ్చేది, గొట్టం ఇవాళ నిక్షేపంలా ఉండేది." చీటీ తీసి ముగ్గురి ముందూ బల్ల మీద పెట్టాను.

తరవాత కోటయ్యతో ఒక ఒప్పందానికొచ్చాను. హ్యామరూ చెక్కా మంచివే. కొత్త గొట్టం నా ఖర్చుతో తెప్పించి బిగిస్తాను, కాయితాల పని కూడా నేనే చూసుకుంటాను. పంట గింజ కట్టేలోపు తుపాకీ అతని చేతికొస్తుంది. అతను మాత్రం అనుకున్న సొమ్ము ఆవిడకి ఇవాళే ఇవ్వాలి. కోటయ్య చాలాసేపు మీసం నిమురుకున్నాడు. తప్పు ఒప్పుకున్నవాడి మాట నమ్మొచ్చులే అన్నట్టు చివరికి పంచె చెంగున ఉన్న డబ్బు ముడి విప్పాడు. ఆ పిల్ల సోమవారం బెజవాడలో చేరింది.

వెళ్లేముందు మార్తమ్మకి క్షమించమని చెప్పాను. అప్పుడే సరిగ్గా చూసుంటే ఆవిడకి ఇన్ని అగచాట్లు ఉండేవి కావన్నాను. ఆవిడ గుడ్డముక్కని గుప్పిట్లోనే పట్టుకుని ఉంది.

"అప్పుడు తీసుంటే ఊడ్చి పారేసేవోళ్లు కదండీ," అంది. "నేను ఆరోజు ఈడ లేనుగా."

నిజమే. పారేసేవాణ్నే. అంతకుముందు ఎన్ని గొట్టాల్లోంచి ఎన్ని ముక్కలు తీసి ఊడ్చేశానో లెక్కే లేదు.

మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. చీరలన్నీ నెల తిరక్కుండా ఎవరెవరికో ఇచ్చేశాను, చూస్తే బాధగా ఉంటుందని. ఆ మధ్యాహ్నం కొట్టు మూసి ఇంటికెళ్లి పెట్టె అడుగుదాకా వెతికాను. ఒక్క పీలిక లేదు. అడుగున పరిచిన పాత కాయితానికి కర్పూరం వాసన మాత్రం ఉంది. ఆ పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాను. ఇచ్చేసినవాటిలో ఏ ఒక్కటైనా తిరిగొస్తే బాగుండునని అంతగా ఎప్పుడూ అనిపించలేదు. ఈ వయసులోనూ అప్పుడప్పుడు అనిపిస్తూనే ఉంటుంది.

కొట్టు నడిపినన్నాళ్లూ ఆ తరవాత రెండు పద్ధతులు తప్పలేదు. చీటీ ఎవరు రాసినా, నేనే రాసినా, ర్యామ్‌రాడ్ దించకుండా ఏ తుపాకీనీ ఖాళీ అనలేదు. లోపల్నుంచి గుడ్డముక్క వస్తే దాన్ని బల్ల మీద పక్కన పెట్టి, ఇది మీ ఇంట్లోదేనా అని తెచ్చినవాళ్లని అడిగేవాణ్ని. చాలామంది నవ్వేవాళ్లు. ఒకరిద్దరు మాత్రం ఆ ముక్క కోసం చెయ్యి చాచారు.