నవ్వితే కుర్చీ వెనక్కి జరుగుతుంది

గచ్చిబౌలి కంపెనీల ఉద్యోగులు బస్సులకు బస్సులు మొయినాబాద్ తోటల్లోకి దిగుతున్న కాలం అది. ఆ వానాకాలం నేను కనకమామిడి దగ్గర ఒక రిసార్టులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. మా ఆయన పోయాక చేవెళ్ల నుంచి ఊడ్చే పనికి వచ్చి, ఎనిమిదేళ్లకు ఆ పదవికి ఎక్కాను. పైన మేనేజరు, కింద పది మంది ఆడవాళ్లు. నాకు సంతకం ఒక్కటే వచ్చు. మిగతా గుర్తులన్నీ తలలోనే.

హాలులో సభ ఉందంటే ముందురోజే కుర్చీలు వేయాలి. ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు లాగి, దాని వెంట సుద్దగీత గీసి, ముందు కాళ్లు గీత మీద నిలిచేట్టు వరస పెట్టాలి. కుర్చీకొక నీళ్ల సీసా. సభ నడిచేంతసేపు మేము లోపల ఉండకూడదు. అయిపోయాక పోయి మొదట కుర్చీలు సర్దాలి, తర్వాత సీసాలు ఏరాలి, చివరికి ఊడ్వాలి. అన్నేళ్లు సర్దీ సర్దీ, లోపల ఏం జరిగిందో నేల చూస్తే తెలిసేది నాకు. మనిషి కడుపారా నవ్వితే వెనక్కి వాలి కాళ్లతో నేలను తంతాడు. కుర్చీ గీత వదిలి జానెడు వెనక్కి పోతుంది. మర్యాదకు నవ్వితే అంగుళం జరగదు. పెద్దసార్ల ఉపన్యాసం అయిన రోజు కుర్చీలు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి.

ఆ ఏడు ఒక కంపెనీ తన వాళ్లను మూడు జట్లుగా, రోజుకొక జట్టు పంపింది. సాయంత్రాలు నవ్వించడానికి టీవీలో ఇంటింటికీ తెలిసిన ఒకాయనను పిలిచారు. వేషం లేదు, పక్కన తోడు లేదు. మైకు పట్టుకుని ఒక్కడే నిలబడి మాట్లాడతాడు. మొదటి రోజు అందరూ ఎరిగిన పాత ముచ్చట్లే చెప్పాడట. నేను పోయేసరికి నడిమి వరసలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇయ్యాల మంచిగ నవ్విన్రని నేను నా కింద పనిచేసే యాదమ్మతో అన్న మాట, చెమట తుడుచుకుంటున్న ఆయన చెవిన పడింది. ఎట్ల తెలుసని అడిగాడు. గీత చూపిస్తే వంగి జానతో కొలిచి చూశాడు. రేపు కూడా చూసి చెప్పమన్నాడు.

సంగతేమిటంటే, ఆ ఆదివారం పట్నంలో ఆయనది పెద్ద ప్రదర్శన. పాతదే చెప్పాలా, ఏడాదిగా రాసుకున్న కొత్తది చెప్పాలా అన్నది తేల్చుకోలేక ఉన్నాడు. కొత్తది చనిపోయిన తండ్రి గురించి, ఆ తండ్రి దర్జీ. రెండో రోజు అది చెప్పి చూస్తానన్నాడు. మేనేజరు నన్ను పక్కకు పిలిచి, ఎట్లున్నా బాగుందనే చెప్పమన్నాడు. పెద్దమనిషి మనసు విరిగితే మళ్లీ మా దగ్గరికి రాడని ఆయన భయం. యాదమ్మ అయితే నేను కనబడినప్పుడల్లా "జడ్జమ్మ వచ్చింది, లేవుండ్రి" అని మిగతావాళ్లను లేపేది.

రెండో రోజు కుర్చీలు గీత మీదనే ఉన్నాయి. నవ్వించే ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"జరగలే సార్" అన్నాను.

"అయితే ఆదివారం పాతదే చెప్త. బాపు ముచ్చట ఇంట్లనే ఉండనీ" అని గదికి పోయాడు. మేనేజరు నన్ను మింగేసేట్టు చూశాడు.

తర్వాత సీసాలు ఏరాను. మూత తీయనివి స్టోరుకు, తీసినవి మొక్కలకు. ఆ రోజు సంచుల నిండా మూత తీయనివే. అక్కడ ఆగాను. విసుగు పుట్టినవాడి చేతులు ఊరుకోవు. నీళ్లు తాగుతాడు, సీసా మీది కాగితం చింపుతాడు. ఉపన్యాసాల రోజు నేను ఏరేవన్నీ ఖాళీ సీసాలే. మరి వీళ్లు నీళ్లెందుకు ముట్టలేదు? ఒక కుర్చీలో కూర్చుని వెనక్కి వాలి చూశాను, జరిగింది. మోచేతులు మోకాళ్ల మీద పెట్టి ముందుకు వంగి చూశాను, జరగలేదు.

"పని ఇడిసిపెట్టి ఈ సర్కస్ ఏందక్కా?" అన్నది యాదమ్మ.

పిలవకుండా అతిథి గది తలుపు కొట్టడం మాకు నిషేధం. కొట్టాను.

"నేను చెప్పింది తప్పు సార్. వాళ్లు ముందుకు వంగి ఇన్నరు. నీళ్లు గూడ తాగలే."

"నవ్విన్రా మరి?"

"అది నాకు తెల్వది. ఇన్నరు, అది తెల్సు. మీకు కనబడలేదా?"

మొహం మీద లైటు పడుతుంటే రెండో వరస తర్వాత అంతా చీకటేనని, స్పీకర్ల మోతలో వెనకవాళ్ల నవ్వు కూడా సరిగా వినబడదని అప్పుడు చెప్పాడు. ఇన్నేళ్లుగా ఆ చీకటిలోకే మాట్లాడుతున్నాడట.

మూడో రోజు మేనేజరుతో చెప్పి నన్ను వెనక గోడ దగ్గర నిలబెట్టాడు. మళ్లీ తండ్రి ముచ్చటే ఎత్తుకున్నాడు. "మా బాపు నా అంగీ రెండేండ్లు పెద్దగ కుట్టేటోడు. నేను దానికి సరిపోయే యాళ్లకు అది చినిగేది" అంటే జనం వంగిన నడుము వంగినట్టే ఉంచి నవ్వారు. కొందరు అరచేత్తో మొహం తుడుచుకున్నారు. అట్లాంటి నవ్వు ఒకటుంటుందని నాకు అంతవరకు తెలియదు.

దిగి వచ్చి, "నువ్వు నవ్వినవా అక్కా?" అని అడిగాడు.

"నేను కుర్చీలు చూస్తున్న సార్."

ఆదివారం కొత్తదే చెప్పాడని తర్వాత మేనేజరు ద్వారా తెలిసింది. అక్కడ ఎట్లా సాగిందో నాకు తెలియదు. ఆ హాలు సర్దినవాళ్లకే తెలియాలి.

నా తప్పు చూపులో లేదు, తొందరలో ఉంది. సీసాలు ఏరకముందే తీర్పు చెప్పాను. అప్పటినుంచి పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషికీ మొదటి రోజే ఒక మాట చెప్పేదాన్ని: ఊడ్చి చీపురు పక్కన పెట్టేదాకా, సభ ఎట్లా జరిగిందో ఎవరడిగినా చెప్పొద్దని.