ట్రెబుల్ నాబ్

నిరుడు మా పామర్రు చర్చిలో వాయించడానికి, చేత్తో తయారుచేసిన బేస్ గిటార్ ఒకటి ప్రత్యేకంగా చేయించుకున్నాను. ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి కాబట్టి ఏ పాటకు ఏ నాబ్ ఎంత తిప్పాలో నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. సన్నని, కీచు స్వరాలను పెంచే ట్రెబుల్ నాబ్ మాత్రం ఎంత తిప్పినా ధ్వనిలో తేడా రాలేదు. బ్యాటరీ, కేబుల్, తీగలు, యాంప్ వరుసగా మార్చి చూశాను. ఫలితం లేదు.

చెల్లిని వెంటబెట్టుకుని విజయవాడ గవర్నర్‌పేటలోని రిపేరు షాపుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన గిటార్ విప్పి చూసి, తీగ మీటుతూ ఆ నాబ్ తిప్పారు.

“భేషుగ్గా ఉందిగా బాబూ!”

“ఒకసారి ఫుల్లుగా తిప్పండి,” అన్నాను.

“ఫుల్లుగానే పెట్టానయ్యా.”

చెల్లి చెవులు మూసుకుంది. “ప్రతి ఆదివారం నేను మొత్తుకునేది ఇదే అన్నయ్యా. పెనం మీద గరిటెతో గీకినట్టుంటుంది. నువ్వేమో నాకు సంగీతం రాదంటావ్!”

నవ్వుతూనే అంది. నా ముఖం చూసి ఆగిపోయింది.

పెద్దాయన గిటార్ పక్కన పెట్టారు. “డ్రమ్స్ పక్కన నిలబడి ఎన్నేళ్లుగా వాయిస్తున్నావ్?”

“తొమ్మిదేళ్లండీ.”

“ముందు చెవుల డాక్టర్ దగ్గరికెళ్లు నాయనా.”

సన్నని, కీచు శబ్దాలు నా రెండు చెవులకూ వినపడటం లేదని పరీక్షలో తేలింది. పోయిన వినికిడి తిరిగి రాదన్నారు. లోపం నాలో ఉండొచ్చని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

ఇప్పుడు ఆదివారాలు చెల్లి ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమె ముఖంలో చిరాకు పోయేదాకా నాబ్ వెనక్కి తిప్పుతాను.

– జోయెల్, పామర్రు