చదవని ఉపన్యాసం

తొలకరి చినుకు పడి పెరట్లో ఎర్రమట్టి వాసన లేచిందంటే చాలు, నేను బీరువా తెరిచి ఒక సన్నటి పుస్తకం బయటికి తీస్తాను. పదిమంది పద్యాల సంకలనం అది. నేను తప్ప అందరూ కుందుర్పి చుట్టుపక్కల సేద్యగాళ్లే. పేజీల మధ్య మడతపెట్టిన కాగితం ఆవిష్కరణ సభ కోసం రాసుకున్న నా ఉపన్యాసం.

అరవైల మొదట్లో అక్కడి బడిలో తెలుగు పంతులుగా ఉండేవాణ్ణి. రెండేళ్లు ఊరూరూ తిరిగి ఆ పద్యాలు పోగుచేశాను. ఆవిష్కరణకు ఆరుద్ర కార్తెలో రోజు కుదిర్చానని చెబితే, మా హెడ్మాస్టరు ఓబులప్పగారు చేతిలోని సుద్దముక్క కింద పెట్టారు.

"విత్తే కార్తెలో సభ ఏందప్పా? వానొస్తే ఎవరొస్తారు?"

"మూడేళ్లుగా రాని వాన ఆరోజే వస్తుందా సార్?" అని నవ్వాను.

"రాదని నీకెవరన్నా రాసిచ్చినారా?" అన్నారు. అంతకుమించి వాదించలేదు. బెంచీలు మాత్రం దగ్గరుండి వేయించారు.

వాన వచ్చింది. సభ ముందురోజు సాయంత్రం నేల బాగా తడిసేలా కురిసింది. తెల్లవారి సభలో ముఖ్య అతిథి, ఓబులప్పగారు, నేను, ఖాళీ బెంచీలు. అతిథి గంటసేపు గడియారం చూసుకుని జీపెక్కి వెళ్లిపోయారు. నాకు కోపంతో ఏడుపొచ్చింది. "వీళ్ల పద్యాలే కదా సార్, ఒక్కడన్నా రాకూడదా?" అని అరిచాను.

ఆయన పంచె ఎగగట్టి, పుస్తకాల కట్ట చంకన పెట్టుకుని, "పద, సభ ఆడుండాది," అని చేల వైపు నడిచారు.

మొదట తగిలింది రామన్న చేను. కరువు మీద అతను రాసిన పద్యంతోనే పుస్తకం మొదలవుతుంది. ఓబులప్పగారు గట్టు మీద నిలబడి దాన్ని గొంతెత్తి చదవబోయారు. రామన్న నాగలి ఆపలేదు.

"ఇప్పుడొద్దు సార్, నేల పదును ఆరిపోతాండాది. మా ఆడమనిషికి జరం. సాల్లో విత్తనమేసే దిక్కు లేదు. చేతనైతే మీరిద్దరూ రాండి."

ఓబులప్పగారు పుస్తకం గట్టు మీద పెట్టి చెనక్కాయ విత్తనాల గంప అందుకున్నారు. మొహం ముడుచుకుని నేనూ దిగాను. నా విత్తనాలు ఒకచోట కుప్పగా, ఒకచోట మూరెడు ఎడంగా పడ్డాయి. "పద్యంలో గణాల మాదిరి వెయ్యప్పా," అని ఆయన నవ్వితే నాకూ నవ్వొచ్చింది.

మధ్యాహ్నానికి చేను అయింది. రామన్న మట్టిచేతులతోనే పుస్తకం తీసుకుని, అచ్చులో తన పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత "ఇంక చదవండి సార్," అన్నాడు. ఓబులప్పగారు చదువుతుంటే తడిచేలో నిలబడి రామన్నా నేనూ కరువు పద్యం విన్నాం. అదే ఆవిష్కరణ.

ఓబులప్పగారు ఇప్పుడు లేరు. ఎవరైనా సభకు తేదీ అడిగితే నేను ముందు కార్తె చూసుకుంటాను. ఉపన్యాసం కాగితాన్ని మాత్రం పారేయలేదు. "ఈ నేలను వాన మరిచిపోయింది" అని మొదలవుతుంది అది. ఆ మాట వినడానికి ఆరోజు ఎవరూ రాకపోవడం నా అదృష్టం.