అటెన్క సోమలింగం

ఎవరైనా మాట ముగించారంటే సోమలింగం నమ్మడు. ఇంకా ఏదో కడుపులో దాచుకున్నారని ఆయన అనుమానం. అందుకని తర్వాతేమైందో చెప్పమని మెడ కాస్త ముందుకు చాచి "అటెన్క?" అంటాడు.

సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్ళలో ఆ మాటకు చిక్కనివాళ్ళు లేరు. ఒకసారి బిక్షపతి ఊరికి పోయివచ్చి, అత్త చనిపోయిందని చెప్పాడు.

"అటెన్క?"

"అటెన్కేముంది అన్నా, దహనం చేసినం."

"అటెన్క?"

"తానాలు చేసి బువ్వ తిన్నం."

"ఏం కూర?"

బిక్షపతికి కోపం రావలసింది. కానీ కూర పేరు చెప్పబోయి, అత్త వండే చింతచిగురు పప్పు గుర్తొచ్చి, దాని గురించి చాలాసేపు మాట్లాడాడు.

సూరత్‌కు వచ్చి ఏళ్ళు గడిచినా, సోమలింగానికి హిందీలో బాగా పట్టుబడిన మాట "ఫిర్?". గుజరాతీలో "పఛీ?". ఈ మూడు మాటలతోనే తన మొగుడు లోకమంతా తిరిగి రాగలడని వజ్రమ్మ అనేది. మగ్గాల మాస్టరు ఒక రోజు మండిపడి, రేపు కూడా ఆలస్యంగా వస్తే పనిలోంచి తీసేస్తానన్నాడు. "ఫిర్?" అన్నాడు సోమలింగం, నిజంగా తెలుసుకోవాలని. ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు మాస్టరు. "ఫిర్?" మాస్టరు ఆలోచించాడు. వాడు కూడా ఆలస్యంగానే వస్తాడని ఒప్పుకుని, స్టూలు మీద కూలబడి ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

ఇంతకూ సోమలింగం రచయిత. అచ్చుకాని రచయిత. షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, గోడకు ఆనుకుని కథలు రాసేవాడు. ఆయన కథల్లో ఒక పెద్ద బంగళా, ఆ బంగళా మేడ మీద వీణ వాయించే అమ్మాయి ఉండాల్సిందే. ఆయన వీణను తాకలేదు, మేడ ఎక్కలేదు. వారపత్రికలు ఆ అమ్మాయిని ఎప్పటికప్పుడు భద్రంగా వెనక్కి పంపించేవి.

పక్కనే కూర్చుని కూలికి చీరల దారాలు కత్తిరించే వజ్రమ్మ కథంతా వినేది.

"ఆ పిల్ల వీణ వాయిస్తె, ఇంట్ల పనెవలు చేస్తరు?"

"పనిమనిషున్నది."

"ఆమె పేరేంది?"

సోమలింగానికి తెలియదు.

"లోకాన్నంత అటెన్క అటెన్క అని పీక్కతింటవు. నీ కథల మనుషులను ఒక్కనాడన్న అడుగవైతివి" అనేది వజ్రమ్మ.

తొంభైనాలుగు సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న మాట పుట్టింది. మగ్గాలు ఆగిపోయాయి. మూతులకు గుడ్డలు కట్టుకుని ఊరికి ఊరే స్టేషన్ల మీద పడింది. మన వైపు వెళ్ళే బండ్లలో కాలు పెట్టే సందు లేదు. ఉధ్నా ప్లాట్‌ఫారం మీద మూటతో నిలబడిన వజ్రమ్మను, ఆ మూట మీద కూర్చుని పారిపోయేవాళ్ళను కథలడుగుతున్న సోమలింగాన్ని, పక్క మగ్గం మీద పనిచేసే ఉకడ్ గామిత్ చూశాడు. "సోమాభాయ్, మా వైపు బండిలో చోటుంది. మా ఊరికి వచ్చేయండి" అన్నాడు.

ప్యాసింజరు బండిలో సోన్‌గఢ్, అక్కణ్ణుంచి జీపు, జీపు వెళ్ళలేని చోటు నుంచి నడక. కొండ వాలున అక్కడొకటి ఇక్కడొకటిగా వెదురు తడికల ఇళ్ళు. కరెంటు లేదు, కొట్టు లేదు. సూరత్ నుంచి వచ్చారనగానే ఊరి పెద్దలు దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టారు. చేను చివర కావలి గుడిసెలో ఉండమన్నారు. ఊళ్ళోకి రావద్దన్నారు. ఊరివాడైన ఉకడ్‌ను కూడా వేరే గుడిసెలోనే ఉంచారు. తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. వాళ్ళది తప్పని వజ్రమ్మ అనుకోలేదు. తనైనా అదే చేసేది. కానీ ఎవరికీ అక్కరలేని మనిషిగా ఉండటం ఎలా ఉంటుందో ఆ గుడిసెలో తెలిసింది.

సోమలింగం వాడిపోయాడు. అడగడానికి మనుషులు లేరు. వజ్రమ్మ నోరు తెరవకపోయినా "అటెన్క?" అనేవాడు.

వాళ్ళకు తిండి పెట్టే పని ఉకడ్ మేనత్త దిత్లీబెన్ తనమీద వేసుకుంది. ఒంటరి ముసలమ్మ. రాగి రొట్టెలు ఆకులో చుట్టి దూరంగా బండ మీద పెట్టేది. మొదటిరోజే వెళ్ళబోతూ, "మా పాత ఊళ్ళో అయితే చేపలు కూడా పెట్టేదాన్ని" అంది.

"పఛీ?" అన్నాడు సోమలింగం.

ముసలమ్మ వెనక్కి తిరిగింది. అంత ఆత్రంగా ఆ మాట ఎవరైనా తనను అడిగి ఎంతకాలమైందో, ఆ బండ మీదే కూర్చుంది. ఆమె పాత ఊరు తాపీ ఒడ్డున ఉండేది. ఇప్పుడు ఉకాయి డ్యామ్ నీళ్ళ కింద ఉంది. అక్కడ ఎవరి ఇల్లు ఎక్కడ, ఎవరి ఎద్దు ఎవరి చేలో పడింది, ఎవరు ఎవరితో లేచిపోయి మళ్ళీ మాపటికి ఆకలేసి తిరిగొచ్చారు, అన్నీ చెప్పింది. కూరగాయల బేరాల్లో గుజరాతీ నేర్చిన వజ్రమ్మ మధ్యమధ్య మొగుడికి అర్థం చెప్పింది.

చివరికి ముసలమ్మ గొంతు తగ్గింది. "తర్వాత డ్యామ్ మూశారు. నీళ్ళొచ్చాయి" అని కర్ర తీసుకుని లేచింది.

వజ్రమ్మ మొగుడి వైపు చూసింది. ఇప్పుడీ మనిషి అడుగుతాడు. మెడ చాచాడు కూడా. ఆమె గబుక్కున ఆయన మోకాలు పట్టుకుంది.

సోమలింగం "పఛీ?" అనలేదు. చెయ్యి భుజం మీదుగా వెనక్కి ఊపి, వచ్చీరాని భాషలో "పెహలా? పానీ పెహలా?" అన్నాడు.

"నీళ్ళకు ముందా?" ముసలమ్మ కర్ర నేలకు ఆనించింది. "ముందేముంది, హోలీ వచ్చింది. ఆ ఏడు మా మరిది తాగి ఏం చేశాడనుకున్నావ్" అని మళ్ళీ కూర్చుంది.

రోజూ అదే వరస. నీళ్ళు దగ్గరికి వచ్చేసరికి సోమలింగం ఆమెను వెనక్కి తిప్పేవాడు. ఒక పెళ్ళికో, ఒక ఎడ్ల పందేనికో. ఆ ఊరు రోజురోజుకూ పెరిగింది. దూరంగా నిలబడి వింటున్న ముసలివాళ్ళు, మరిది తాగింది హోలీకి కాదు పెళ్ళికని సరిదిద్దడానికి దగ్గరికొచ్చారు. వాళ్ళ వెనక పిల్లలొచ్చారు. పెట్టిన దూరాన్ని ఎవరూ ఎత్తేయలేదు, అదే అరిగిపోయింది. ఒక పొద్దున దిత్లీబెన్ రొట్టెలు బండ మీద పెట్టకుండా తెచ్చి వజ్రమ్మ చేతిలో పెట్టింది.

ఆ రోజు వజ్రమ్మ మొగుణ్ణి అడిగింది.

"మొదటి దినం ఎందుకు అడుగకపోతివి, అటెన్కని?"

"అటెన్కేముంది గాడ? నీళ్ళే."

"అందర్ని అడుగుతవు గద."

"అందరు ఇంక చెప్పబుద్ధి ఉండంగనె ఆపుతరు వజ్రా. ఎవలన్న జర అడిగితె బాగుండని చూస్తరు. మొకంల తెలుస్తది. గామెకు గాడ చెప్పబుద్ధి లేదు."

వజ్రమ్మ రొట్టె తుంచడం ఆపేసింది. ఉధ్నాలో వాళ్ళ పక్క గదిలో ఉండే నర్సవ్వ గుర్తొచ్చింది. మొగుడు కడోదరాకు పనికని పోయి మళ్ళీ రాలేదు. ఏమైంది, ఏమైందని వాడకట్టంతా ఆమెను పొడిచింది, తనతో సహా. సోమలింగం మాత్రం మెట్ల మీద ఎదురైనప్పుడల్లా, పొయ్యి మీద ఏమున్నదని అడిగేవాడు. ఈయనకు సమయం సందర్భం తెలియదని అప్పట్లో తను నలుగురిలో నవ్వింది.

"రొట్టె సల్లారుతున్నది" అన్నాడు సోమలింగం.

మగ్గాలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక వాళ్ళు ఉధ్నాకు వచ్చేశారు. ఆ చలికాలమంతా కూర్చుని సోమలింగం తాపీ ఒడ్డు ఊరి కథ రాశాడు. అందులో వీణ లేదు. అందరికీ పేర్లున్నాయి. తాగిన మరిదికి, తప్పిపోయిన ఎద్దుకు కూడా. ఆ కథ వెనక్కి రాలేదు, అచ్చయింది. పత్రిక పట్టుకుని వాడకట్టంతా తిరుగుతాడని వజ్రమ్మ భయపడింది. ఆయన తిరగలేదు. "దీపావళికి మగ్గాలు బందు గద. పోదామా?" అన్నాడు. ఏ ఊరికని ఆమె అడగలేదు.

దిత్లీబెన్ ముంగిట్లో జనం చేరారు. సోమలింగం తెలుగులో చదువుతుంటే వజ్రమ్మ గుజరాతీలో చెప్పింది. ముసలమ్మ కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక కళ్ళు తెరిచింది.

"బాగానే ఉంది. మా వీధిలో ఒక ఇల్లు మర్చిపోయావ్" అంది.

"ఏది బా, ఏ ఇల్లమ్మా?" అంది వజ్రమ్మ కంగారుగా. తను అర్థం చెప్పడంలో ఎక్కడ పొరపాటు పడిందోనని.

"మా ఇంటి పక్కది. అందులో సోమాభాయ్, వజ్రా ఉండేవాళ్ళు. రాసుకోమను."

వజ్రమ్మ చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన నిజమేనని తల ఊపాడు. వాళ్ళకొక మేక కూడా ఉండేదన్నాడు. మేక కాదు, గేదె అన్నాడు పక్కాయన. ఇద్దరూ కాసేపు వాదించుకుని గేదె మీద రాజీపడ్డారు.

మనసు నిండినప్పుడు వజ్రమ్మకు ఇంటి పనులే తోస్తాయి.

"ఆ ఇంటికి నీళ్ళు దగ్గరేనా బా?" అంది.

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా నవ్వింది దిత్లీబెన్. పళ్ళులేని నోరు కొంగుతో మూసుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వింది. ఆమె వెనక ఊరంతా.

సోమలింగం ఒక్కడే నవ్వకుండా, కలం మూత తీసి, తమ గుమ్మం ఏ దిక్కుకు ఉండేదని పక్కనున్న ముసలాయన్ను అడుగుతున్నాడు.